సుద్దముక్క ఖరీదు

మొన్న వేసవిలో ఒక సాయంకాలం నేనూ మా ఆవిడా ధవళేశ్వరం నుంచి రాజమండ్రి వస్తూండగా కారు ముందు భాగం నుంచి గుప్పున ఆవిరి లేచింది. వేడి చూపే ముల్లు చివరికంటా వెళ్ళి కూర్చుంది. నలుగురు పుణ్యాత్ములు తోస్తే ఎలాగో దగ్గరలో వున్న షెడ్డుకు చేర్చాను.

మర్నాడు వెళ్తే, "థర్మోస్టాట్ పోయిందండి" అన్నాడు మెకానిక్కు. నాకది గ్రీకు నాటకంలో పాత్ర పేరులా వినిపించింది.

"అదేమిటయ్యా?"

"ఆయ్, మన ధవళేశ్వరం బ్యారేజికి గేట్లు లేవాండీ? అలాంటిదేనండి."

బ్యారేజికి 175 గేట్లు, కారుకు ఒక్కటే. ఇంజను చల్లగా వున్నంతసేపు అది మూసుకొని వుంటుంది. వేడెక్కగానే దానిలోని మైనం కరిగి, ఉబ్బి, తలుపును నెడుతుంది. అప్పుడు నీళ్ళు రేడియేటరులోకి పోయి చల్లబడి వస్తాయి. మా గేటు మూసింది మూసినట్టే బిగుసుకుపోయిందట.

విషయం బోధపడింది. బిల్లు మాత్రం బోధపడలేదు. థర్మోస్టాట్ 850, మూడు లీటర్ల కూలెంటు 900, కూలి 1,200. ఆపైన నూటికి 18 చొప్పున పన్ను. వెరసి 3,481 రూపాయలు.

"850 రూపాయల వస్తువు బిగించడానికి 1,200 కూలా?"

"రెండు గంటల పనండి మాస్టారూ. పాత కూలెంటు దింపాలి, గొట్టాలు విప్పాలి, గాస్కెట్టు గోకాలి. కొత్తది పోశాక లోపలి గాలి పోయేదాకా ఇంజను నడుపుతూ కనిపెట్టుకొని వుండాలి."

"అసలు పాతది బాగానే వున్నదేమో, ఎవరు చూశారు?" అన్నాను, పని నేర్చుకునే కుర్రాళ్ళు వింటూండగా.

అతను మారు మాట్లాడలేదు. పాతదాన్ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నేను మూడు వేలు అతని చేతిలో పెట్టి, కారెక్కి వచ్చేశాను.

కాలేజీలో ఈ గోడు వెళ్ళబోసుకుంటే ఒక మిత్రుడు, "మన ఎండలకి అదెందుకండీ? పీకి పారేయిస్తే పోయేది" అన్నాడు. ఫిజిక్సు లెక్చరరు వూరుకోలేదు. "ఎండ వేరు, ఇంజనుకు కావలసిన వేడి వేరు. గేటే లేకపోతే ఇంజను సరిగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. మూసుకుపోతే మరీ ప్రమాదం. హెడ్డు వంగిందంటే ఆ ఖర్చు ముందు ఈ బిల్లు చిల్లర. అనుమానం తీరాలంటే దాన్ని వేణ్ణీళ్ళలో వేసి చూడండి" అన్నాడు.

ఆ సాయంకాలం మా ఆవిడ గుడికి వెళ్ళిన సమయం చూసి, చారు గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని వేసి పొయ్యి మీద పెట్టాను. దాని అంచున 82 అని అంకె వుంది. ఆ వేడికి తలుపు కదలడం మొదలు కావాలి. నీళ్ళు తెర్లాయి; నూరు డిగ్రీలన్నమాట. తలుపు వెంట్రుకవాసి కదలలేదు.

"నా చారు గిన్నెలో ఏమిటది?" అని వెనకనుంచి వినిపించింది. చెప్పక తప్పలేదు. డబ్బు తగ్గించి ఇచ్చిన సంగతి కూడా చెప్పాను.

ఆవిడ అంతా విని, "కాలేజీ వాళ్ళు మీకు జీతం ఇస్తున్నది సుద్దముక్క ఖరీదు లెక్కగట్టా?" అన్నది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గిన్నె మాత్రం మూడుసార్లు తోమింది.

మర్నాడు 481 రూపాయలు పట్టుకొని షెడ్డుకు వెళ్ళాను. "నీ మాటే నిజమయ్యా, పొరపాటు నాదే" అన్నాను, ఆ కుర్రాళ్ళందరూ వినేటట్టు. అతను లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకొని, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"మా పెద్దాడు ఇంటర్ చదువుతున్నాడండి. తెలుగులో వెనకబడ్డాడు. ఆదివారాలు ఓ గంట చెబుదురూ? మీ కూలి ఎంతో మీరే చెప్పండి మాస్టారూ."

కుర్రవాణ్ణి పంపించమన్నాను. కూలి ఎంతో మాత్రం ఇప్పటికీ చెప్పలేకపోయాను.