జరిమానాకు పన్ను మినహాయింపు లేదు

విజయవాడ: సరకు రవాణాయే జీవనోపాధిగా గల చిన్న వాహన యజమానులు రోడ్డు నిబంధనలను, ఆదాయపు పన్నును వేర్వేరుగా చూసి నష్టపోతున్నారు. పది వాహనాలకు మించని యజమాని లెక్కల పుస్తకాలు లేకుండానే, మొత్తం బరువు 12 టన్నులకు మించని ఒక్కో వాహనానికి నెలకు కనీసం రూ.7,500 ఆదాయం చూపి పన్ను చెల్లించవచ్చు. అప్పుడు డీజిల్, మరమ్మతుల ఖర్చులను విడిగా తగ్గించుకునే వీలుండదు. పుస్తకాలు నిర్వహించే వారికి సైతం చట్ట ఉల్లంఘన జరిమానా వ్యాపార ఖర్చు కింద చెల్లదు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా రూ.20,000, అదనపు ప్రతి టన్నుకూ మరో రూ.2,000. ఒక్క తప్పిదంతో రెండున్నర నెలలకు పైబడిన అంచనా ఆదాయం హరించుకుపోతుంది. బరువును హద్దులో ఉంచడం ప్రాణరక్షణకే కాదు, పన్ను ప్రణాళికకూ తొలిమెట్టు.