ప్రకృతి ముచ్చటలు: నల్లరాతిలోని ఉత్తరదిక్కు



ఉత్తరమునకు తలపెట్టి పరుండరాదని మన పెద్దలు చెప్పుదురు. ఏలయని పిల్లలడిగినచో, భూమి యయస్కాంతమనియు, ఆ శక్తి తలకు చెఱుపు చేయుననియు పలువురు సమాధానము చెప్పుచున్నారు. మా చేబ్రోలులోను ఈ మాట వినుచున్నాము. ఇది యెంతవఱకు నిలుచునో గోదావరీతీరపు నల్లరాళ్ల నడిగి చూతము.

రాజమహేంద్రవరము చెంత కాతేరునందును, నదికి పడమట పంగిడి, గౌరీపట్నములందును ఈ రాళ్లు కలవు. పంగిడి ప్రాంతమున వీనిని కొట్టి బాటలకు కంకరగా పంపుదురు. ఇవి సుమారు 6.5 కోట్ల సంవత్సరముల క్రిందట కాగిన పాకమువలె పాఱి గడ్డకట్టినవి. క్రింద నొక పొర, మీద నొక పొర, నడుమ గుల్లలతో గూడిన సున్నపురాతి పొర.

ఆ రాతిలో అయస్కాంతగుణముగల ఇనుప రేణువులున్నవి. సుమారు 580 డిగ్రీల వేడికి పైన వానికాగుణము నిలువదు. రాయి అంతకంటె చల్లాఱినప్పుడు, అవి నాటి భూమి బలమునకు లోబడి యా దిక్కును పట్టుకొనును. నేయి పేరుకొనునప్పుడు పడిన గరిటెజాడ, మరల కరగువఱకు చెదరదు గదా! కుమ్మరి యావములో కాలిన కుండలయందును ఇట్లే జరుగును. శాస్త్రజ్ఞులు రాతిని పెకలింపకముందే దానిపై దిక్కును గుర్తుపెట్టి, పిదప ముక్కను పరీక్షింతురు. చోటు కదలిన రాయి యీ సాక్ష్యమునకు పనికిరాదు.

అట్లు పరీక్షింపగా పైపొర నేటి దిశను, క్రిందిపొర దానికి విలోమదిశను చూపినవి. క్రిందిపొర పాఱిన కాలమున దిక్సూచి యుండినచో, దాని ఉత్తరపు మొన దక్షిణమును చూపియుండెడిది! ఇట్టి విలోమశిలలను 1906లో ఫ్రాన్సుదేశమున బ్రూన్సు పండితుడు వెల్లడించెను. 1929లో జపానుదేశపు మతుయామ, ఆ మార్పు రాళ్ల వయస్సునుబట్టి కనబడుచున్నదని చూపెను. కడపటి మార్పు జరిగి సుమారు 7,80,000 సంవత్సరములైనది. భూగర్భమున కరిగియున్న ఇనుము కదలికయే యిందులకు మూలము. ఈ మార్పు ఒక రాత్రిలో ముగియునది కాదు, వేలయేండ్లు పట్టును. కావున రేపే ప్రళయమని యెవరైన బెదరించినను బెదరవలదు.

ఇక మన ప్రశ్న. పెద్దలు చెప్పిన ఉత్తరము సూర్యగతినిబట్టియు, ధ్రువనక్షత్రమునుబట్టియు నెఱిగినది. అయస్కాంతపు సూదినిబట్టి కాదు. సూది చూపు దిక్కు తాఱుమాఱగుచుండగా, ఆచారమును దానికేల ముడిపెట్టవలయును? భూమి యయస్కాంతబలము మిగుల స్వల్పము. పిల్లలాడుకొను అయస్కాంతపు ముక్కకే అంతకంటె నెన్నో రెట్లు బలము కలదు. దానివలన నిద్రించువాని తలకు చెఱుపగుననుటకు గట్టి ఋజువు లేదు.

ఆచారమును పాటించువారు ఆచారమనియే పాటింతురుగాక, అందు తప్పులేదు. పిల్లలకు మాత్రము లేని శాస్త్రమును కల్పించి చెప్పరాదు. లేతమనస్సున తల్లిమాట నాటుకొన్న పిదప దానిని మార్చుట యెంత కష్టమో మనకందఱకును తెలిసినదే.