మాత్రలు మానేయడం విశ్వాసం కాదు



మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాం. ఆమధ్య ఒక సహోదరి ఆరాధనలో నిలబడి, "ప్రభువు నా షుగర్ తీసేశాడు, మాత్రలు మానేశాను" అని సాక్ష్యం చెప్పింది. అందరం చప్పట్లు కొట్టి హల్లెలూయా అన్నాం. వేదిక మీదున్న మేమూ అన్నాం. రక్తపరీక్ష చేయించావా అని ఒక్కరమూ అడగలేదు. కొన్ని నెలలకు ఆమె కాలికి పుండు లేచింది. నొప్పి తెలియలేదు. చివరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

నొప్పి లేకపోవడం స్వస్థత కాదు, ప్రియులారా. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కళ్లు, మూత్రపిండాలు కూడా చప్పుడు లేకుండానే పాడవుతాయి.

"మందు మింగితే విశ్వాసం లేనట్టే" అని బోధించేవారిని అడుగుతున్నాం. లూకా 5వ అధ్యాయంలో కుష్ఠరోగిని బాగుచేసిన యేసుప్రభువు, యాజకునికి చూపించుకోమని ఎందుకు పంపాడు? ఆ రోగాన్ని చూసి తేల్చేది ఆనాడు యాజకుడే. ప్రభువు చేసిన స్వస్థత పరీక్షకు భయపడలేదు. మన సాక్ష్యం ఎందుకు భయపడాలి? హిజ్కియా ఆయుష్షును దేవుడే పెంచాడు. అయినా యెషయా పుండు మీద అంజూరపు ముద్ద వేయించాడు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే. 1922లో టొరంటోలో 14 ఏళ్ల బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతవరకు పిల్లలకు ఆ జబ్బు వస్తే మరణమే. ఆ మందు దేవుని దయ కాదని ఎవరు చెప్పగలరు?

ఇంకొందరు, "పంచదార మానేశాం అయ్యగారూ, అనకాపల్లి బెల్లమే వాడుతున్నాం" అంటారు. బెల్లమూ చక్కెరే. మన జిల్లా బెల్లమైనంత మాత్రాన షుగర్ మనల్ని వదిలిపెట్టదు.

కాబట్టి మన సంఘంలో ఇకమీదట షుగర్ తగ్గిందని సాక్ష్యం చెప్పేవారు ముందు మూడు నెలల సగటు చూపే రక్తపరీక్ష రిపోర్టు తేవాలి. రిపోర్టు బాగున్నా డాక్టరు చెప్పకుండా మందు ఆపకూడదు. ఇన్సులిన్ వేసుకొనేవారు డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనకు కూర్చోకూడదు; చక్కెర పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ప్రేమవిందులో మిఠాయి తగ్గిద్దాం. రాత్రి ప్రార్థన చేశాక పాదాలు చూసుకుందాం.

గొలుగొండ, నాతవరం నుంచి ఆటో ఎక్కి ఆరాధనకు వస్తున్నాం. అదే ఆటోలో సర్కారు ఆసుపత్రికీ వెళ్లవచ్చు. ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. మాత్ర చేతిలో పట్టుకొని ప్రార్థించండి, ఆమేన్ అని మింగండి.