విశ్వవిద్యాలయమున హాజరు లెక్క

ఉన్నత పాఠశాలలో గంట మ్రోగినంతనే ఉపాధ్యాయుడు పేరులు పిలుచును. విద్యార్థి రానియెడల తలిదండ్రులకు కబురు చేరును. విశ్వవిద్యాలయమున నట్లు కాదు. అచ్చట హాజరు లెక్క పలుకకుండ తరుగుచుండి, పరీక్షల ముంగిట బయటపడును. ఈ భేదము నెఱుగక కొందఱు చిక్కులలో బడుచున్నందున నిందుఁ గూర్చి మా యభిప్రాయమును తెలుపుచున్నాము.

ఇంజనీరింగు కళాశాలలలో తరగతులు మూడు విధములు: లెక్చరు, ట్యుటోరియలు, ప్రాక్టికలు. కాలపట్టికలోని ఎల్, టీ, పీ యను నక్షరములు వీని గుర్తులే. వారమునకు ఒక గంట లెక్చరునకు గాని ట్యుటోరియలునకు గాని 1 క్రెడిట్. ప్రాక్టికలునకైనచో రెండు గంటలకు 1. లెక్చరులో వినవలెను, ట్యుటోరియలులో లెక్కలు చేసి సందేహములు తీర్చుకొనవలెను. ఈ రెండవదానిని మన విద్యార్థులు విశ్రాంతి వేళగా నెంచుట శోచనీయము.

హైదరాబాదులోని జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు బి.టెక్. నిబంధనల ప్రకారము మొత్తముమీద నూటికి 75 వంతుల హాజరుండవలెను. 65కు తగ్గక 75కు లోపడినవారు తగిన కారణమును నిదర్శనములతో చూపి, రుసుము చెల్లించినచో మన్నింపు పొందవచ్చును. 65కు తగ్గినచో నెట్టి మన్నింపును లేదు. ఆ సెమిస్టరును మరల చదువవలసినదే. 400 గంటలు జరిగినచో 300 కావలెను. 260 వచ్చినవాడు మన్నింపు కోరవచ్చును. 259 వచ్చినవానికి ఆ త్రోవయు మూసికొనును. మరల నా సెమిస్టరు నడచువఱకు వేచియుండవలెను. కూలిచేసి చదివించు తండ్రికి ఆ నిరీక్షణ యెంత భారమో వేఱుగ చెప్పనేల? అయినను పెక్కుమంది తక్కిన 25 వంతులను సెలవు హక్కుగా దలఁచి, మొదటి మాసములలోనే వెచ్చింతురు. పిమ్మట జ్వరము వచ్చినచో చేతిలో నేమియు మిగులదు.

మూడు విధముల తరగతులను ఒకే కొలతతో కొలుచుట మాకు సమ్మతము కాదు. ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డులో పెక్కు లెక్చరులకు హాజరు నిర్బంధము లేదు; కాని యిద్దఱు ముగ్గురితో జరుగు ట్యుటోరియలునకు ముందుగా నిచ్చిన పనిని వ్రాసికొని పోక తప్పదు. అచ్చటి పద్ధతి నున్నదున్నట్లు తెచ్చుకొనుటకు మనకు తగినంతమంది అధ్యాపకులు లేరు. మఱియు ఇంట చదువు చెప్పువారు లేని బిడ్డకు లెక్చరే యాధారము. కావున మొదటి సంవత్సరమున ఇప్పటి నిబంధనయే యుండనిండు. రెండవ యేటినుండి లెక్చరులకు కొంత సడలించి, ప్రాక్టికలు ట్యుటోరియలులకు మఱింత బిగించుట న్యాయమని మా తలంపు. ఒకని పేరునకు వేఱొకడు పలుకు దురాచారము గూడ నందువలన కొంత తగ్గవచ్చును.

అంతదనుక, పెండ్లిండ్లకును జాతరలకును బిడ్డలను వారములకొలది పిలిపించుకొను తలిదండ్రులు, ఉత్తరము వ్రాయుటకు ముందు, ఆ సెమిస్టరులో నెన్ని గంటలు జరిగినవో, ఎన్నింటికి వాడు హాజరయ్యెనో అడుగుదురు గాక.