కుళాయి నీటి క్రిమి

రక్త కేన్సరుకు వైద్యం చేయించుకుంటున్న ఒక కుర్రవాడి తల్లిగారు ఈ శీర్షికకు రెండు ప్రశ్నలు పంపారు. చికిత్స మధ్యలో అబ్బాయికి చలిజ్వరం వచ్చిందట. రక్తం పరీక్ష చేసి, స్టెనోట్రోఫోమోనాస్ అనే క్రిమి చేరిందన్నారట. "నీళ్ళలో, మట్టిలో ఉండే క్రిమి అంటున్నారు. కాచి చల్లార్చిన నీళ్ళే ఇచ్చాను, బయటి తిండి ముట్టనివ్వలేదు. నా వల్ల లోపం ఎక్కడ జరిగింది? మొదట ఇచ్చిన ఖరీదైన మందు రెండు రోజులకే ఆపి, పాతకాలపు మందేదో ఎక్కించారు. అయితే మొదటి మందు పొరపాటేనా?" అని అడిగారు. అబ్బాయి కోలుకుంటున్నాడని కూడా రాశారు కనుక నింపాదిగా చెప్పుకుందాం.

మన రక్తంలోని తెల్లకణాలలో న్యూట్రోఫిల్ అనే రకం ఉంది. ఊరికి కావలివాళ్ళు ఎలాగో ఒంటికి అవి అలాగ. గుండుసూది తలకన్న చిన్న చుక్కలో, అంటే ఒక మైక్రోలీటరులో, ఆరోగ్యవంతుడికి సుమారు 2,000 నుంచి 7,000 దాకా ఉంటాయి. కేన్సరు మందులు చెడ్డ కణాలతో బాటు ఎముకల మూలగలో పుట్టే మంచి కణాలనూ అణచివేస్తాయి. అప్పుడు ఈ లెక్క 500 కంటే దిగువకు, ఒక్కొక్కప్పుడు 100 కంటే దిగువకు పడిపోతుంది. కావలివాళ్ళు ఎంత తక్కువైతే, ఆ కొరత ఎన్నాళ్ళు సాగితే, క్రిములు సోకే భయం అంత ఎక్కువని అమెరికాలో జెరాల్డ్ బోడీ, ఆయన సహచరులు 1966లో లెక్కలతో చూపించారు.

ఇక ఈ క్రిమి. పేరు చూసి బెదరకండి. గ్రీకు మాటలలో దానికి "కొద్ది రకాల తిండి తినేది" అని అర్థం. తడి మట్టిలో, మొక్కల వేళ్ళ దగ్గర, కుళాయి మూతిలో, తూములో కాపురం ఉంటుంది. మనమంతా రోజూ దాన్ని తాకుతూనే ఉంటాం, మనకేమీ కాదు. కావలి లేని రోజులలో మాత్రం, మందులు ఎక్కించడానికి పెద్ద సిరలో అమర్చిన గొట్టం వెంటనో, మందుల తాకిడికి పలుచబడిన పేగుల పొరగుండానో రక్తంలోకి చొరబడగలదు. ఎంత మడిగా ఉన్నా లోకంలోని తడినంతా ఎవరు తుడవగలరు చెప్పండి? అమ్మా, ఆ నేరం మీ నెత్తిన వేసుకోకండి. స్నానం చేయించేటప్పుడు ఆ గొట్టం మీద కుళాయి నీళ్ళు పడకుండా కప్పడం, దాన్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవడం మాత్రం మానకండి.

రెండో ప్రశ్నకు వద్దాం. రక్తంలో ఏ క్రిమి ఉందో తెలియాలంటే, ఆ రక్తాన్ని సీసాలో ఉంచి క్రిమిని పెంచి చూడాలి. దానికే ఒక రోజో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఏ మందుకు లొంగుతుందో తేలడానికి మరి కొంత. అందాకా ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఫలితం కోసం ఆగకుండా జ్వరం రాగానే మందులు మొదలుపెట్టాలని స్టీఫెన్ షింఫ్ బృందం 1971లో చూపింది. నేడు, రక్తం తీసి, గంటలోగా మొదటి మోతాదు ఎక్కించాలన్నది నియమం. దొంగ ఎవరో తెలియక ముందే అలవాటైన దొంగలందరికీ వల పన్నడమన్నమాట. మాటిమాటికీ వచ్చేవి ఇ.కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటివి. మొదటి మందు వాటిని ఉద్దేశించినది. స్టెనోట్రోఫోమోనాస్ అరుదైన అతిథి. మెరోపెనెమ్ వంటి గొప్ప మందును సైతం విరగగొట్టే రసాయనం దానికి పుట్టుకతోనే ఉంది. కనుక మొదటి మందు ఇవ్వడమూ సబబే, పరీక్ష ఫలితం రాగానే మార్చడమూ సబబే.

ఆ పాతకాలపు మందు బహుశా కోట్రైమోక్సజోల్ అయి ఉంటుంది. క్రిమి పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లపు దారిని అది మూసేస్తుంది. ఇక్కడ మన తెలుగువాడి మాట చెప్పకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులు తయారుచేసింది. వాటిలో ఎమినోప్టెరిన్ ను బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ను నేటికీ వాడుతున్నారు. కేన్సరు కణానికి అక్కడ వేసిన తాళమే, క్రిమికి ఇక్కడ వేస్తున్నారు. అందుకే జాగ్రత్త కూడా కావాలి. కోట్రైమోక్సజోల్ మూలగను కొంత అణచగలదు, రక్తంలో పొటాషియం పెంచగలదు. పదే పదే రక్తం తీస్తున్నారని విసుక్కోకండి. జబ్బు తీవ్రమైతే మినోసైక్లిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి రెండో మందు జతచేస్తారు. గొట్టమే క్రిమికి గూడైతే దాన్ని తీసేస్తారు.

ఆస్పత్రిలో గంట లెక్క సరే, ఇంట్లో రాత్రంతా గడిచిపోతుందే, నా దిగులు అది. తెల్లకణాలు లేనివారికి చీము పట్టదు, వాపు కనబడదు, ఒక్కొక్కప్పుడు జ్వరమే ఏకైక ఆనవాలు. స్టెరాయిడ్లు వాడేవారికి అదీ రాకపోవచ్చు. వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడటం చూసి గుర్తించాలి. 100.4 డిగ్రీలు దాటిందా, "పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం" అనకండి. జ్వరం దిగినా క్రిమి దిగదు. ఇంట్లో మిగిలిన మాత్రలు వద్దు, వీధి చివర సూదిమందు అసలే వద్దు.

ఇవాళే ఒక కాగితం తీసుకోండి. జబ్బు పేరు, ఆఖరిసారి మందు ఎక్కించిన తేదీ, ఆఖరి తెల్లకణాల లెక్క, డాక్టరుగారి ఫోను నంబరు, అర్ధరాత్రి వెళ్ళవలసిన ఆస్పత్రి, వచ్చే బండి రాసి తలుపు వెనక అంటించండి. ఆస్పత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే "రక్త కేన్సరు, తెల్లకణాలు తక్కువ, జ్వరం" అని గట్టిగా చెప్పండి. ఆ మూడు మాటలు వరుసలో వెనక నిలబడనివ్వవు.