చవక మందు, ఖరీదైన రుజువు

మల్టిపుల్ స్క్లిరోసిస్‌కి (అందరూ ఎంఎస్ అనేస్తారు) వాడే మందుల్లో ఇద్దరు దాయాదులున్నారు. ఒకరు రిటుక్సిమాబ్. 1997లో అమెరికాలో లింఫోమా క్యాన్సర్‌కి అనుమతి పొందిన పాత మందు. రెండోవారు ఓక్రెలిజుమాబ్. 2017లో ఎంఎస్ కోసమే అనుమతి తెచ్చుకుంది. అమెరికా మార్కెట్లోకి వచ్చిన నాడు దాని ధర ఏడాదికి 65,000 డాలర్లు. రెండూ చేసే పని ఒక్కటే. ఈ జబ్బులో రోగ నిరోధక వ్యవస్థ దారి తప్పి మెదడు, వెన్నుపాములలోని నరాలపై ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఆ దాడిలో భాగమున్న బీ కణాల మీద సీడీ20 అనే గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆ కణాలను ఏరిపారేస్తాయి ఈ రెండూ.

తమాషా ఏమిటంటే, బీ కణాలను తీసేస్తే ఎంఎస్ అదుపులోకి వస్తుందని మొదట గట్టిగా చూపించింది పాత మందే. 2008లో వెలువడిన హెర్మిస్ ట్రయల్‌లో అటాక్‌లు వచ్చిపోయే రకం ఎంఎస్ ఉన్న 104 మంది పాల్గొన్నారు. 24 వారాల్లో మళ్లీ అటాక్ వచ్చినవారు ఉత్తుత్తి మందు పుచ్చుకున్నవారిలో 34.3 శాతం, రిటుక్సిమాబ్ పుచ్చుకున్నవారిలో 14.5 శాతం. ఇంత ఫలితం చూశాక కూడా ఆ రకం మీద దాన్ని పెద్ద ట్రయల్‌కి తీసుకెళ్లకుండా, రెంటినీ తయారుచేసే కంపెనీ ఓక్రెలిజుమాబ్ వైపు మళ్లింది. పేటెంట్ గడువు లెక్క చూసుకునే మళ్లిందని విమర్శకులంటారు. పాతదానిలో ఎలుక ప్రొటీన్ భాగం ఎక్కువ, కొత్తది మనిషి ప్రొటీన్‌కి దగ్గరగా మలిచింది కాబట్టి ఒంటికి బాగా పడుతుందన్నది అటువైపు వాదన. రెండూ నిజమయ్యే అవకాశం లేకపోలేదు.

స్వీడన్ డాక్టర్లు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. లేబుల్ మీద ఎంఎస్ పేరు లేకపోయినా రిటుక్సిమాబ్ రాసిచ్చారు. చివరికి అక్కడ ఎంఎస్ మందులు వాడేవారిలో సగానికి పైగా దీని మీదే ఉన్నారు. ఊరికే రాసివ్వలేదు, ఎవరికి ఎంత ఇచ్చారో, ఏమైందో జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేస్తూ వచ్చారు. ఆపైన ప్రభుత్వ పరిశోధన నిధులతో సొంతంగా ట్రయల్ కూడా నడిపారు. 2022లో వచ్చిన ఆ రైఫండ్ ఫలితాల్లో రెండేళ్లలో అటాక్ వచ్చినవారు ఎంఎస్‌కే వాడే మరో మందు డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలు వాడినవారిలో 16 శాతం, రిటుక్సిమాబ్ వాడినవారిలో 3 శాతం. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో తొలిసారిగా ఎంఎస్ మందులు చేర్చినప్పుడు రిటుక్సిమాబ్‌కి చోటిచ్చింది, ఓక్రెలిజుమాబ్‌కి ఇవ్వలేదు.

ఇంతటితో కొత్త మందుది దోపిడీ అని తేల్చేస్తే అన్యాయమవుతుంది. ఎంఎస్‌లో ప్రైమరీ ప్రోగ్రెసివ్ అనే రకం ఉంది. అటాక్‌లు, మధ్యలో తెరిపి అంటూ ఉండదు, నడక మెల్లగా తగ్గుతూ పోతుంది. ఈ రకం మీద రిటుక్సిమాబ్ ట్రయల్ 2009లో లక్ష్యం చేరలేదు. 732 మందితో జరిగిన ఒరటోరియో ట్రయల్‌లో ఓక్రెలిజుమాబ్ చేరింది. వైకల్యం ముదిరినవారు ఉత్తుత్తి మందు వైపు 39.3 శాతం, ఇటు 32.9 శాతం. తేడా చిన్నదే. కానీ అంతకుముందు ఆ రోగులకు అనుమతి ఉన్న మందు ఒక్కటీ లేదు. అన్ని వందల మందిని ఏళ్ల తరబడి గమనించే ఖర్చు కంపెనీయే పెట్టింది. లాభం ఆశ లేకపోతే పెట్టేదా అంటే, పెట్టేది కాదనే నా నమ్మకం. అంతేకాదు, 2023లో రిజిస్ట్రీల ఆధారంగా రెంటినీ పోల్చిన ఒక అధ్యయనంలో రిటుక్సిమాబ్ వాడినవారిలో అటాక్‌లు ఎక్కువే కనిపించాయి. అది లాటరీ పద్ధతిలో రోగులను పంచి చేసిన ట్రయల్ కాదు, డోసులూ ఒక తీరుగా లేవు. అయినా తోసిపుచ్చదగ్గది కాదు. రెంటిలో ఏది మెరుగో తేల్చడానికే డెన్మార్క్, నార్వేలు రెంటినీ ముఖాముఖి పెట్టే ట్రయల్స్ అప్పటికే చేపట్టాయి.

హైదరాబాద్‌కి ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. రిటుక్సిమాబ్‌కి బయోసిమిలర్‌ను, అంటే అసలు మందుకు దగ్గరగా తయారుచేసిన నకలును, ఇక్కడి డాక్టర్ రెడ్డీస్ 2007లోనే ‘రెడిటక్స్’ పేరుతో మన మార్కెట్లోకి తెచ్చింది. దానితో ఈ వైద్యం మధ్యతరగతికి కాస్త అందుబాటులోకి వచ్చింది. దీన్ని ఎక్కించే తీరు ఇది: ముందు పారాసిటమాల్, అలెర్జీ మందు, స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాత డ్రిప్ చాలా నెమ్మదిగా మొదలుపెడతారు. నర్సు మాటిమాటికీ బీపీ చూసి వెళుతుంది. గొంతులో దురద, చలి అంటే డ్రిప్ ఆపి, సర్దుకున్నాక మళ్లీ వదులుతారు. మొదటిసారైతే రోజంతా ఆసుపత్రిలోనే. ఆ ఖాళీలో రోగి మందు పెట్టెలోని కాగితం విప్పి చదివితే లింఫోమా అని ఉంటుంది, కీళ్లవాతం అని ఉంటుంది, ఎంఎస్ మాట కనిపించదు. డాక్టర్ ముందే వివరంగా చెప్పకపోతే గుండె జారుతుంది. బీమా కంపెనీకైతే మెలిక పెట్టడానికి ఆ కాగితం చాలు.

సొంత డబ్బుతో వైద్యం చేయించుకునే కుటుంబానికి, అటాక్‌లు వచ్చిపోయే రకం ఎంఎస్ అయితే, రిటుక్సిమాబ్ రాసే డాక్టర్‌ని నేను తప్పుపట్టను. ఖరీదైన మందు మొదలుపెట్టి డబ్బు చాలక మధ్యలో మానేయడం కంటే అదే మెరుగు. నా అభ్యంతరం వేరే ఉంది. స్వీడన్ నుంచి మనం చవక మందు రాసే పద్ధతిని తెచ్చుకున్నంత చురుగ్గా లెక్క రాసే అలవాటును తెచ్చుకోలేదు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో ఎంఎస్ రిజిస్ట్రీ మొదలైంది, మంచిదే. కానీ ప్రైవేటు ఆసుపత్రిలో డ్రిప్ ఎక్కించుకున్న ప్రతి రోగీ అందులోకి చేరితేనే దానికి బలం. బీ కణాలను ఏళ్ల తరబడి తుడిచేస్తూ పోతే ఇమ్యునోగ్లోబ్యులిన్లు తగ్గుతాయి, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. ఒంట్లో దాగిన హెపటైటిస్-బి తిరగబెట్టవచ్చు. అందుకే మొదటి డోసుకు ముందే ఆ రక్తపరీక్ష తప్పనిసరి. క్షయ ఇంతగా ఉన్న దేశంలో ఎంత డోసు, ఎన్ని నెలలకోసారి, ఎప్పుడు ఆపాలి అన్నవాటికి స్టాక్‌హోమ్ లెక్కలు ఉన్నవున్నట్టు సరిపోవు.