చెరకు మ్యూజియం – మా నాన్న ప్రశ్న

మారిషస్‌లో చెరకు మ్యూజియం చూసొచ్చానని చెప్పగానే మా నాన్న అడిగిన మొదటి మాట: "అయితే టన్నుకి ఎంతిచ్చేవారో రాశార్రా?"

రాశారో లేదో, నేను చూడలేదు. సైన్సు విద్యార్థిని కదా, యంత్రాలు చూసి మురిసిపోయి వచ్చాను.

కిందటి సెలవుల్లో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. (బావగారికి అక్కడ ఉద్యోగం. టిక్కెట్టు కూడా ఆయనే కొన్నారు. చెరకు డబ్బుతో వెళ్ళాననుకునేరు!) పాంప్లెమూస్ దగ్గర బో ప్లాన్ అనే చోట పాత చక్కెర మిల్లు 1999లో ఆగిపోయింది. దాన్ని తుక్కు కింద అమ్మెయ్యకుండా 2002లో మ్యూజియం చేశారు. మిల్లు యంత్రాలు అలాగే ఉంచారు. చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు. ఒకటి నోట్లో వేసుకుంటే మా అనకాపల్లి బెల్లం పెనం దగ్గర నుంచున్నట్టే అనిపించింది. బానిసల సంగతీ, మనవాళ్ళ సంగతీ దాచకుండా రాశారు. అది మెచ్చుకోవాలి.

అక్కడ 1835లో బానిసత్వం రద్దయింది. తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చారు. 1834 మొదలు 1920 దాకా దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు పోర్టు లూయీ రేవులో దిగారు. అందులో మన కోరంగి రేవునుంచి ఓడ ఎక్కిన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకి ఐదు రూపాయలు, తిండిగింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత!

ఎందుకంత కర్కశం? నాకు తెలిసిన కెమిస్ట్రీ కొంత జవాబు చెబుతుంది. కొట్టిన చెరకులో సుక్రోజు నిలవదు. గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతూ ఉంటుంది. నీరారి బరువూ తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగాడెయ్యాలి. అంటే ఎవరో ఒకరు ఆగకుండా పనిచెయ్యాలి, లేదా ఎవరో ఒకరు నష్టపోవాలి. తోట యజమాని ఆ తొందరంతా కూలివాడి వీపు మీద పెట్టాడు. మిల్లు మా నాన్న నెత్తిన పెట్టింది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా చెరకు ట్రాక్టరు మిల్లు గేటు ముందు మూడు రోజులు ఎండింది. కాటా వేసేసరికి తగ్గిన బరువు మా ఖాతాలోకే. ఆ డబ్బయినా మరుసటేడు గాని చేతికి రాలేదు. ఇప్పుడా మిల్లు మూతపడింది. నాన్న సరుగుడు వేశాడు.

ఈ మాటే హాస్టల్లో అంటే ఒక మిత్రుడు అడ్డుతగిలాడు. "భూమున్న రైతునీ, ఒప్పందపు కూలీనీ ఒకే కాటాలో తూస్తావేమిటి?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. రాత్రి ఆలోచిస్తే వాడన్నది నిజమే. మా ఇంట్లో కాటా చీటీలు ఏళ్ళకేళ్ళవి ఉన్నాయి. మా చెరకు కొట్టినవాళ్ళకి ఎంతిచ్చామో రాసిన కాగితం మాత్రం ఒక్కటీ లేదు. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి కూలీల రికార్డులు భద్రంగా ఉన్నాయి. వచ్చిన ఓడ, ఊరు, వయసు, కొందరికి ఫోటో కూడా. దొరలు అదుపులో పెట్టుకోవడానికే రాయించి ఉండవచ్చు. అయినా మునిమనవలు ఈనాడు అందులోనే తమవాళ్ళని వెతుక్కుంటున్నారు. అనకాపల్లిలో 1913 నుంచీ చెరకు పరిశోధన సాగుతోంది. 87 ఎ 298 అంటే మా ఊళ్ళో పిల్లాడైనా గుర్తుపడతాడు. చెరకు రకానికి నంబరుంది, కొట్టినవాడికి పేరు లేదు.

అందుకే మన యూనియన్‌ని అడుగుతున్నాను: కాలేజీలో ఒక్క గది ఇప్పించండి. రోలర్లూ, పెనాలూ నిదానంగా తెచ్చుకోవచ్చు. చెరకు ఊళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులు ముందు తమ ఇళ్ళలోని చీటీలూ, చెరకు కొట్టినవాళ్ళ పేర్లూ, వాళ్ళు చెప్పే కూలి లెక్కలూ తీసుకురండి. మా కాటా చీటీలు అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి, నాన్నని ఒప్పించాను. మా చెరకు కొట్టినవాళ్ళలో ముగ్గురు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. నోటుబుక్కు కొన్నాను గాని, వాళ్ళ గడప ఇంకా తొక్కలేదు.